సముద్రం అడుగున గాజు తంతువు: అండమాన్ దీవుల అనుభవం

ఒక కొత్త సాధనం ఎప్పుడు పుట్టిందో తెలుసుకుంటే దాని చరిత్ర పూర్తికాదు. అది ఎవరి దాకా, ఎవరి ఖర్చుతో చేరిందో కూడా పరిశీలించాలి. ఆప్టికల్ ఫైబర్ విషయంలో అండమాన్ నికోబార్ దీవులు ఇందుకు మంచి ఉదాహరణ.

గాజును బాగా శుద్ధిచేస్తే దాని తంతువుల ద్వారా కాంతి రూపంలో సమాచారాన్ని చాలా దూరం పంపవచ్చని 1966లో చార్లెస్ కావో ప్రతిపాదించారు. 1988లో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున మొదటి ఫైబర్ కేబుల్ పనిచేయసాగింది. 2002లో బంగాళాఖాతం గుండా చెన్నై, సింగపూర్‌లను కలుపుతూ మరో కేబుల్ వచ్చింది. అయితే అదే సముద్రంలోని అండమాన్ ప్రజలు మాత్రం ఉపగ్రహాల మీదే ఆధారపడ్డారు.

ఇందుకు కారణం ఏమిటి? 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభా సుమారు 3.8 లక్షలే. వీరిలో పదిమందికి ఒకరి కంటే ఎక్కువమంది మాతృభాష తెలుగు అని గమనించండి. ఇంత తక్కువ వినియోగదారుల కోసం సముద్రంలో కేబుల్ వేస్తే ప్రైవేటు సంస్థకు లాభం రాదు. అందువల్ల ప్రభుత్వమే సార్వత్రిక సేవా బాధ్యత నిధి నుంచి సుమారు 1,224 కోట్ల రూపాయలు కేటాయించింది. బి.ఎస్.ఎన్.ఎల్. ఆధ్వర్యంలో చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి కార్ నికోబార్, లిటిల్ అండమాన్ వంటి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. 2020 ఆగస్టు 10న అది ప్రారంభమైంది.

దీని ప్రయోజనాన్ని ఇలా అర్థంచేసుకోవచ్చు. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఫైబర్‌లో కాంతి 2,300 కిలోమీటర్లను సెకనులో వందో వంతుకు కాస్త మించిన కాలంలోనే దాటుతుంది. పైగా ఫైబర్ ఎన్నో రెట్లు ఎక్కువ సమాచారాన్ని మోస్తుంది. దూరవైద్యానికి, ఆన్‌లైన్ తరగతులకు, బ్యాంకు లావాదేవీలకు ఈ రెండూ అవసరమే.

అయితే కేబుల్ తీరానికి చేరినంత మాత్రాన ప్రతి ఇంటికీ చేరినట్లు కాదు. తీరం నుంచి గ్రామం దాకా లైను కావాలి, కరెంటు నిలకడగా ఉండాలి, తెర అవతల వైద్యుడో ఉపాధ్యాయుడో ఉండాలి. కేబుల్ దారి మాత్రమే ఇస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 2002 నాటి కేబుల్‌కూ 2020 నాటి కేబుల్‌కూ మధ్య 18 ఏళ్ల తేడా ఉంది. అండమాన్ విషయంలో ఈ ఆలస్యం సాంకేతికమా, ఆర్థికమా? మీ సమాధానాన్ని కారణాలతో రాయండి.