సీడీ డబ్బా మీది 52

నల్గొండలో క్లాక్ టవర్ దగ్గరి సందులో పెళ్లి వీడియోలు సీడీల్లోకి ఎక్కించే దుకాణం ఒకటి ఉండేది. అక్కడి డ్రైవు మీద '52ఎక్స్' అని మెరుస్తూ ఉండేది. దుకాణం నడిపే అన్న మాత్రం వేగాన్ని 16 దగ్గరే పెట్టేవాడు. ఎందుకన్నా అంటే, "ఆ అంకె డబ్బా మీదికే తమ్మీ, అంత ఉరికిస్తే సీడీ ఖరాబైతది" అన్నాడు. ఆ మాట వెనక పెద్ద కథే ఉంది.

1982లో ఫిలిప్స్, సోనీ తెచ్చిన సీడీ పాటల కోసం పుట్టింది. పాట నడక మారకూడదు. అందుకే లేజర్ కింద సీడీ ఎప్పుడూ సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్లే జరగాలన్నారు. లోపలి చుట్టు చిన్నది కాబట్టి అక్కడ నిమిషానికి దాదాపు 500 సార్లు తిరగాలి, అంచు దగ్గర 200 చాలు. ఆ నడకన కంప్యూటర్‌కు అందింది సెకనుకు 150 కిలోబైట్లు. అదే 1ఎక్స్. పాట నడకే కొలబద్దయి కూర్చుంది!

పాట వినేవాడికి తొందర లేదు, కంప్యూటర్‌కు ఉంది. రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు అంటూ పన్నెండు దాకా లాగారు. అక్కడ చిక్కొచ్చింది. లేజర్ లోపలికీ బయటికీ దూకినప్పుడల్లా మోటారు 6,000 చుట్లకూ 2,400 చుట్లకూ మధ్య మారాలి. అది కుదురుకునేదాకా అందరూ ఆగాల్సిందే.

చివరికి మోటారు వేగాన్ని మార్చడమే మానేశారు. మన కళ్లంలో బంతి తోలడం చూసిన వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. గుంజ పక్క ఎద్దు మెల్లగా అడుగేస్తుంటే చివరి ఎద్దు పరుగెత్తుతుంది, చుట్టు మాత్రం రెండింటికీ ఒకటే. సీడీ కూడా అంతే. 52 అనేది అంచున పరుగెత్తే ఎద్దుది, లోపల ఇరవై చిల్లరే. పైగా సీడీ నిండేది లోపలినుంచి. సగం నిండిన సీడీకి ఆ 52 ఎప్పుడూ అందదు. డబ్బా మీద 'మాక్స్' అని చిన్నగా రాసేది ఇందుకే.

అప్పటికే చుట్లు నిమిషానికి పదివేలు దాటాయి. సన్న పగులున్న సీడీలు డ్రైవులోనే పేలిపోయేవి. కెన్‌వుడ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. లేజర్‌ను ఏడు కిరణాలుగా చీల్చి, ఏడు చుట్లను ఒకేసారి చదివించి, మోటారును ఉరికించకుండానే 72ఎక్స్ అనిపించారు. నా లెక్కలో ఈ కథలో అసలు తెలివి అదే, కానీ అది బజారులో నిలవలేదు.

మీ ఇంట్లో పాత పెళ్లి సీడీ ఉంటే, డ్రైవులో పెట్టే ముందు ఒకసారి వెలుతురుకు పట్టి నడిమి రంధ్రం చుట్టూ చూడండి. వెంట్రుకంత పగులు కనబడితే లోపల పెట్టకండి.