ఎవరీ రంగరాజన్? ఎకనామిక్స్ క్లాస్‌రూమ్ నుంచి శంకర్‌పల్లి రోడ్డులోని యూనివర్సిటీ ఛాన్సలర్ దాకా

శంకర్‌పల్లి రూట్‌లో వెళ్లేవాళ్లకు దొంతన్‌పల్లి దగ్గర ఇక్ఫాయ్ క్యాంపస్ తెలిసే ఉంటుంది. 2008లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చిన ఈ సంస్థకు ఛాన్సలర్ పదవి చేపట్టిన వ్యక్తి చక్రవర్తి రంగరాజన్. ఒకప్పుడు మన కరెన్సీ నోట్ల మీద ఉన్నది ఈయన సంతకమే.

1932లో తమిళనాడులోని అరియలూరులో పుట్టారు. 1964లో అమెరికాలోని పెన్సిల్వేనియా వర్సిటీలో పీహెచ్‌డీ. తర్వాత చాలా ఏళ్లు అహ్మదాబాద్ ఐఐఎంలో పాఠాలు చెప్పారు. 1982లో ఆర్‌బీఐ డిప్యూటీ గవర్నర్ అయ్యాక లైఫ్ మారిపోయింది.

1991 సంక్షోభం గుర్తుందా? విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. దాదాపు 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చింది. జులై 1న ఒకసారి, 3న మరోసారి రూపాయి విలువ తగ్గించాలని ప్లాన్. మొదటి కోతకే దుమారం రేగడంతో రెండోది ఆపాలని ప్రధాని పీవీ నరసింహారావు అనుకున్నారు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికే ప్రకటన బయటకు వెళ్లిపోయింది!

1992 నుంచి 1997 వరకు ఆర్‌బీఐ గవర్నర్‌గా ఉన్నారు. అప్పట్లో కేంద్రానికి డబ్బు తక్కువైతే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు రాసిచ్చి ఆర్‌బీఐ నుంచి ఎంతైనా తీసుకునేది. అంటే దాదాపు నోట్లు అచ్చేయించుకోవడమే. దానికి 1994లో ఒప్పందం చేసుకుని, 1997లో ఫుల్‌స్టాప్ పెట్టించారు. మా లెక్కలో ఆయన చేసిన పెద్ద పని ఇదే, బంగారం కథంత పాపులర్ కాకపోయినా.

1997 నవంబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా రాజ్‌భవన్‌కు వచ్చారు. హోదా రీత్యా ఉస్మానియా లాంటి రాష్ట్ర వర్సిటీలకూ ఛాన్సలర్ అయ్యారు. 2003 జనవరి వరకు ఇక్కడే.

విమర్శలూ ఉన్నాయి. పల్లెలో రోజుకు 32 రూపాయలు, పట్నంలో 47 రూపాయలు దాటి ఖర్చుపెడితే పేద కాదని 2014లో ఆయన కమిటీ తేల్చడంపై గట్టిగానే రచ్చ జరిగింది. అయితే అంతకుముందు తెందూల్కర్ కమిటీ లెక్క 27, 33 రూపాయలే. ఈయన గీత పైకి జరపడంతో పేదల సంఖ్య దాదాపు 27 కోట్ల నుంచి 36 కోట్లకు పెరిగింది.

అన్నట్టు, ఎకనమిస్టులు వర్సిటీలు నడపడం మనకు కొత్తేం కాదు. ఆంధ్రా యూనివర్సిటీకి 1949 నుంచి 1961 దాకా వీసీగా ఉన్న వి.ఎస్.కృష్ణ కూడా ఆర్థికవేత్తే. తేడా ఒక్కటే: వీసీ చేతిలో రోజువారీ పాలన ఉంటుంది. ఛాన్సలర్‌ది గౌరవ పీఠం.