ఉత్తరం కవరు నుండి రౌటరు పెట్టె వరకు: ఇంటిగుట్టు కథ



మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర, ఉద్యమాల చరిత్ర మనలో చాలామందికి తెలిసినవే. అందుచేత మన ఇళ్లలోనే టీవీ పక్కనో, గోడకు కొట్టిన చెక్క మీదనో దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉండే చిన్న పెట్టె పూర్వోత్తరాలు మనవి చేద్దామనుకున్నాను. దానినే రౌటరు అంటున్నారు. పిల్లలు పెట్టించి వెళ్లారు, నెలనెలా బిల్లు కడుతున్నాము, అమెరికాలోని మనవడి ముఖం కనబడుతున్నది. అంతవరకు సంతోషమే. అయితే ఆ పెట్టె గుండా పోయే మన కబుర్లను ఎవరు చూస్తున్నారు, ఎవరి అనుమతితో చూస్తున్నారు అన్నది ఆలోచించవలసిన విషయం. కబురు మోసేవాడు దానిని విప్పి చూడవచ్చునా అన్న ఈ ప్రశ్న రౌటరుతో పుట్టినది కాదు. దీనికి చాలా పెద్ద చరిత్రే ఉన్నది.

గసగసాలు చెప్పిన సాక్ష్యం

1844లో లండను నగరంలో మాట్సినీ అనే ఇటలీ దేశభక్తుడు ప్రవాసంలో ఉండేవాడు. తనకు వచ్చే ఉత్తరాలను ఎవరో విప్పి చూస్తున్నారని ఆయనకు అనుమానం కలిగింది. మిత్రుల చేత కవర్లలో గసగసాలు, ఇసుక రేణువులు, తలవెంట్రుకలు పెట్టించి తెప్పించుకున్నాడు. ఉత్తరాలు చేరాయి కాని లోపలివి చేరలేదు. అనుమానం రుజువైంది. థామస్ డన్‌కూంబ్ అనే సభ్యుడు ఈ విషయాన్ని బ్రిటిషు పార్లమెంటులో లేవనెత్తాడు. హోం మంత్రి సర్ జేమ్స్ గ్రాహమ్ ఇచ్చిన వారంటు మీద తపాలా వారే ఉత్తరాలు విప్పారని బయటపడింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. ‘దీనిని గ్రాహమ్ చేయరాదు’ అని కవర్ల మీద రాసి పంపేవారట. ప్రసిద్ధ రచయిత కార్లైల్ ‘టైమ్స్’ పత్రికలో దీనిని తీవ్రంగా ఖండించాడు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ప్రభుత్వానికి అట్టి అధికారం చట్టంలో లేకపోలేదు. జనానికి కోపం తెప్పించినది చాటుగా చేయడం. కవరును మళ్లీ అతికించి, ఏమీ జరగనట్లు పంపడం.

తపాలా, తంతి రోజులు

మన దేశంలో 1885లో టెలిగ్రాఫు చట్టం, 1898లో తపాలా చట్టం వచ్చాయి. రెండింటిలోనూ ప్రజాక్షేమం పేరిట కబుర్లను ఆపి చూసే అధికారం ప్రభుత్వానికి దఖలు పడింది. అదే చట్టాలలో ఉద్యోగికి కట్టుదిట్టం కూడా ఉండేది. తన విధికి విరుద్ధంగా ఉత్తరం విప్పిన తపాలా ఉద్యోగికి రెండేళ్ల వరకు, తంతి సమాచారాన్ని అక్రమంగా బయటపెట్టిన ఉద్యోగికి మూడేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చును.

ఆ శాఖలలో పనిచేసిన మన సభ్యులకు ఇది చెప్పనక్కరలేదు. తంతి గుమాస్తాకు ఊరిలో చావు కబురు ఇంటివారికంటె ముందే తెలిసేది. ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి ఏ ఊరికి బదిలీ అయింది అన్నీ తెలిసేవి. అయినా నోరు మెదపరాదు. చదువు రాని తల్లికి కొడుకు ఉత్తరం చదివి వినిపించిన పోస్ట్‌మన్ పక్కింటి అరుగు మీద ఆ ఊసు ఎత్తరాదు. చట్టం భయం కొంత, మర్యాద కొంత. కార్డు మీద రాస్తే నలుగురూ చదువుతారని తెలిసే రాసేవాళ్లం. గుట్టుగా ఉండవలసినది కవరులో పెట్టి జిగురు అంటించేవాళ్లం. ఏది కార్డో, ఏది కవరో మనకు తెలుసును. రౌటరు వచ్చాక పోయినది ఈ తెలివిడే.

టెలిఫోను సంగతి

అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ అనే ఆయన చావు కార్యక్రమాలు జరిపించే వ్యాపారి. ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు తనకు రావలసిన ఫోన్లను పోటీ వ్యాపారికి కలుపుతున్నదని అనుమానించి, ఆపరేటరు లేకుండానే పనిచేసే ఎక్స్ఛేంజిని కనిపెట్టాడని చెబుతారు. 1891లో దానికి పేటెంటు వచ్చింది. 1892లో ఇండియానా రాష్ట్రం లాపోర్టులో అట్టి ఎక్స్ఛేంజి పనిచేయడం మొదలుపెట్టింది. మన దేశంలోనూ స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలు దశాబ్దాల తరబడి టకటకలాడాయి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య తొలి ఎస్.టి.డి. రావడంతో ట్రంకాలుకు మధ్యలో మనిషి అక్కర లేకపోయింది.

మధ్యమనిషి పోయినా వినే చెవులు పోలేదు. 1986లో పార్లమెంటు ఆమోదించిన తపాలా సవరణ బిల్లు ఉత్తరాలను ఆపి చూసేందుకు విస్తారమైన అధికారాలు ఇస్తున్నదని విమర్శలు వచ్చాయి. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ దానిమీద సంతకం చేయలేదు. అది చట్టం కానేలేదు. 1988లో ఫోన్ల ట్యాపింగు ఆరోపణలపై కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇంట్లోగాని, ఆఫీసులోగాని ఫోనులో మాట్లాడుకోవడం ఏకాంత హక్కులో భాగమేనని, ఫోను వినాలంటే హోం శాఖ కార్యదర్శి స్థాయిలో రాతపూర్వక ఉత్తర్వు ఉండాలని, అది రెండు నెలల్లో మురిగిపోతుందని, పొడిగించినా మొత్తం ఆరు నెలలు మించరాదని, పైన సమీక్షా సంఘం ఉండాలని కట్టడి చేసింది.

తంతి సర్వీసు 2013 జూలైలో ముగిసింది. 1885, 1898 నాటి చట్టాల స్థానంలో 2023లో కొత్త టెలికం చట్టం, కొత్త తపాలా చట్టం వచ్చాయి. వాటిలోనూ కబుర్లను ఆపి చూసే అధికారం ఉన్నది. ఇదంతా ప్రభుత్వం సంగతి. రౌటరుతో వచ్చిన చిక్కు వేరు. ఇక్కడ చూసేది ప్రైవేటు కంపెనీ. ఉత్తర్వు లేదు, కార్యదర్శి సంతకం లేదు. ఉన్నదల్లా మనమే చదవకుండా నొక్కిన ‘అంగీకరిస్తున్నాను’ అనే బొత్తాము.

గుమ్మంలో పెట్టె

ఇంటర్నెట్టు మన దేశంలో సామాన్య ప్రజలకు 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చింది. 2005 ప్రాంతంలో బ్రాడ్‌బ్యాండు, ఆ తరువాత గాజుతీగ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేసినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు ఇస్తామన్నారు. ఆ విధంగా పల్లెలకు కూడా ఈ పెట్టె చేరింది.

ఇంట్లో ఎన్ని ఫోన్లు, టీవీలు ఉన్నా వాటి కబుర్లన్నీ ఈ ఒక్క గుమ్మం గుండానే పోవాలి. ఇప్పుడు చాలా సైట్లు తమ కబుర్లకు సంకేతలిపితో ముసుగు వేస్తున్నాయి. కాబట్టి బ్యాంకు పాస్‌వర్డు వంటివి రౌటరుకు సాధారణంగా కనబడవు. కాని ఏ సైటుకు పోతున్నామో ఆ పేరు కనబడుతుంది. పూర్వం 197కు ఫోను చేసి నెంబరు అడిగేవాళ్లం గదా! మనం ఏమి మాట్లాడామో 197 వారికి తెలియదు, ఎవరి నెంబరు అడిగామో తెలుసును. ఇదీ అంతే. మధుమేహం మందుల దుకాణం, క్యాన్సరు ఆసుపత్రి, అప్పులిచ్చే సంస్థ, వకీలు, వివాహ సంబంధాల సంస్థ, ఈ పేర్లు వరుసగా రాసి పెట్టుకున్నవాడికి ఆ ఇంటి కథ చెప్పనక్కరలేదు.

గుమ్మం బలహీనమైతే ఏమవుతుందో కూడా చూశాము. 2016లో ‘మిరాయ్’ అనే దొంగ ప్రోగ్రాము కెమెరాలలో, రౌటర్లలో చొరబడింది. అది వాడిన తాళాలు ఏవో కావు, ఫ్యాక్టరీలో పెట్టి ఎవరూ మార్చని సుమారు 60 పేర్లూ పాస్‌వర్డులే. ఆ అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి స్తంభించాయి. నవంబరులో జర్మనీలో 9 లక్షల ఇళ్ల కనెక్షన్లు దెబ్బతిన్నాయి. 2017 జూలైలో మన బి.ఎస్.ఎన్.ఎల్. మోడెములలోనూ పాత పాస్‌వర్డు మార్చనివాటికి ఇదే తరహా తెగులు సోకగా, పాస్‌వర్డు మార్చుకోండని సంస్థ ప్రకటించింది. 2018లో 54 దేశాలలో కనీసం 5 లక్షల పరికరాలకు మరో తెగులు సోకినప్పుడు అమెరికా ఎఫ్.బి.ఐ. ఇచ్చిన సలహా ఏమిటంటే, రౌటరు ఆపి మళ్లీ వేయమని. మన లైన్‌మన్ చెప్పే చిట్కానే!

కాపలావాడి మీద కాపలా

ఈ దొంగల భయంతోనే రౌటరు కంపెనీలు కాపలావాళ్లను పెట్టాయి. ఏసస్ వారు ట్రెండ్ మైక్రోతో, నెట్‌గేర్ వారు బిట్‌డిఫెండర్‌తో, టీపీ-లింక్ వారు మొదట ట్రెండ్ మైక్రోతోను తరువాత అవీరాతోను ఒప్పందాలు చేసుకున్నారు. మనం పోబోయే సైటు పేరు ముందుగా ఆ మూడో కంపెనీ యంత్రానికి వెళుతుంది. అది మంచిదంటే దారి వదులుతారు, మోసకారిదంటే ఆపుతారు. నకిలీ బ్యాంకు సైట్లు చూపించి పెద్దవాళ్లను దోచుకుంటున్న ఈ రోజుల్లో ఇది పనికిమాలిన సేవ అనలేము. ఎందరికో మేలు చేసేదే.

చిక్కల్లా అడగకుండా చూడటంలోనూ, చూసినది ఏమి చేస్తారన్నదానిలోనూ ఉన్నది. 2017లో నెట్‌గేర్ ఒక రౌటరుకు పంపిన సవరణలో ఇంట్లో ఎన్ని పరికరాలు ఉన్నాయి వగైరా వివరాలు కంపెనీకి చేరే ఏర్పాటు ఉన్నది. వద్దనుకున్నవారు తామే వెతికి ఆపుకోవాలి. 2022లో టీపీ-లింక్ రౌటరు వాడే ఒక వ్యక్తి పరిశీలించగా, భద్రతా సేవను ఆపి ఉంచినా ఒక్క రోజులో 80 వేలకు పైగా విన్నపాలు అవీరా యంత్రాలకు పోయినట్లు తేలిందని వెల్లడించారు. మాట్సినీ గసగసాలు పెట్టినట్లు, ఈ వ్యక్తి తన ఇంటి నుండి పోయే కబుర్లను లెక్కపెట్టారన్నమాట.

కాపలా పేరుతో సేకరించినది సంతకు చేరుతుందా అంటే, చేరిన ఉదాహరణ ఉన్నది. అది రౌటరు కాదు, కంప్యూటరులో వేసుకునే వైరసు మందు. అవాస్ట్ అనే కంపెనీ తన మందు వాడేవారు ఏయే సైట్లు చూశారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మినట్లు 2020 జనవరిలో బయటపడింది. ఆ సంస్థను మూసివేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లించమంది, ప్రకటనల కోసం ఆ వివరాలు అమ్మరాదని నిషేధించింది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఒక విశ్రాంత న్యాయమూర్తి ఇచ్చిన కానుక

మనబోటి పెన్షనర్లు గర్వించవలసిన విషయం ఒకటి మనవి చేస్తాను. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి గారు 2012లో ఆధార్ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్లేనాటికి వారి వయస్సు 86. ఆ వ్యాజ్యం మీదనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఏకాంతం ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. పుట్టస్వామి గారు 2024లో తమ 98వ ఏట కీర్తిశేషులైనారు. పడక కుర్చీ వయసులో వారు సాధించినది దేశంలో అందరికీ దక్కింది.

ఆ తీర్పు తరువాత 2023లో వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమావళి వెలువడింది. ముఖ్యమైన నిబంధనలు అంచెలంచెలుగా అమలులోకి వచ్చే ఏర్పాటు చేశారు. ఆ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, ఫలానా పనికని స్పష్టంగా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకునే హక్కు ఉండాలి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలు ఉండాలి. అంటే తెలుగులో కూడా. ఆ నిబంధన అమలులోకి వచ్చినప్పుడు అడగవలసినది మనమే. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

సభ్యులకు మనవి

ఇంత చెప్పి పెట్టె తీసి పారవేయమనడం లేదు. జీవన ప్రమాణ పత్రం కోసం ట్రెజరీ చుట్టూ తిరిగే బాధ కొంత తప్పినది ఈ నెట్టు వల్లనే. మనం చేయదగినవి ఇవి.

1. రౌటరు లోపలి అమరికలు మార్చే పాస్‌వర్డు ఒకటి, వైఫై పాస్‌వర్డు ఒకటి, రెండూ వేరు. రెండింటినీ మార్పించండి. కొత్తవి డైరీలో రాసి బీరువాలో ఉంచండి. ఫోనులో ఎవరు అడిగినా చెప్పవద్దు.

2. బిగించడానికి వచ్చిన అబ్బాయిని అడగండి: భద్రతా సేవ ఉన్నదా, ఏ కంపెనీది, ఆపితే నిజంగా ఆగుతుందా? తెలియదంటే కంపెనీకి ఉత్తరం రాయండి. ఆఫీసు ఉత్తరాలు రాయడం మనకు వెన్నతో పెట్టిన విద్యే గదా.

3. సేవ కావాలనుకుంటే ఉంచుకోండి, కాని తెలిసి ఉంచుకోండి. వద్దనుకుంటే ఆపించండి.

4. కంపెనీ పంపే సవరణలు వేయించండి. సవరణలు రావడం మానేసిన పాత పెట్టెను మార్చడం మేలు.

5. సెలవులకు వచ్చిన మనవడినో, మనవరాలినో ఒక గంట పక్కన కూర్చోబెట్టుకుని ఈ పనులు చేయించండి. వాళ్లకూ ఇది తెలియవలసినదే.

ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. మనం ఉద్యోగాలు చేసిన రోజుల్లో సర్కారు ఫైలు గుట్టు కాపాడాము, పరాయివాళ్ల ఉత్తరాల గుట్టు కాపాడాము. మన ఇంటి గుట్టును కాపాడే బాధ్యత కూడా మనదేనని మనవి చేస్తూ, సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.