ఉత్కంఠ

థ్రిల్లర్ సినిమా పోస్టరంటే ‘ఉత్కంఠభరితం’ అన్న మాట ఉండి తీరాలి. అంతగా అరిగిన ఈ సంస్కృత పదం పోలీసుల కంటే, హంతకుల కంటే చాలా ముందు ప్రేమికులది. ‘ఉత్’ అంటే పైకి, కంఠం తెలిసిందే. మెడ ఎత్తి నిక్కి చూడటమే ఉత్కంఠ. భరతుడి అష్టవిధ నాయికల్లో విరహోత్కంఠిత అలాంటిదే: రావలసినవాడు ఇంకా రాలేదు, ఈమె గుమ్మం వదలదు. తెలుగులో దీనికి చుట్టం ‘ఎదురుతెన్నులు’. తెన్ను అంటే దారే. అమరకోశం పర్యాయంగా ‘ఉత్కలిక’ను ఇస్తుంది. ఉత్కలికకు అల అనే అర్థం కూడా ఉంది, విశాఖవాళ్లకు నచ్చే సంగతి.

వచ్చేదెవరో ఆ నాయికకు తెలుసు. ఎప్పుడన్నదే బాధ. మన థ్రిల్లర్లు మాత్రం ‘ఎవరు’ దగ్గరే ఆగిపోయాయి. ఇంటర్వెల్‌కో ట్విస్టు, అందరికన్నా మెత్తగా మాట్లాడినవాడే చివరికి హంతకుడు. ఇదంతా కుతూహలం సామాను.

ఉత్కంఠ కావాలంటే సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ (2017) చూడండి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగింది. అది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఆ నౌక ఇక్కడే ఉందనిపించేలా పాత యుద్ధనౌక ‘రాజ్‌పుత్’ సంకేతాలు పంపింది. ఘాజీని రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం అంటుంది. లోపలి పేలుడో, మైనో కారణమని పాకిస్తాన్ పక్షం. (సినిమా ఈ రెండూ వదిలేసి, ఎస్-21 అనే మన జలాంతర్గామికి ఆ పని అప్పగించింది.)

ఎవరు ముంచితేనేం, ముగింపు ఊరందరికీ తెలుసు. విశాఖ ఆర్కే బీచ్‌లో విజయస్మారకమే ఉంది. అయినా హాల్లో ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది. నాలుగు ఇనుప గోడలు, తరిగిపోతున్న సమయం, మాట వినని కెప్టెన్, అతన్ని ఆపలేని కింది అధికారి, నీళ్లలో సోనార్ చప్పుడు. అన్నీ పాత సూత్రాలే, కానీ అన్నీ ఆలస్యం చేసేవే. అక్కడ ‘ఏటవుద్దో’ అన్న ప్రశ్న లేదు. ‘ఎప్పుడవుద్దో’ అన్నదొక్కటే.

కాబట్టి పోస్టర్లు రాసేవారికో మనవి. ట్విస్టు ముందే చెప్పేస్తే చప్పబడిపోయే సినిమాకు ‘కుతూహలభరితం’ అని వేయండి. కథంతా తెలిసినా మెడ ఎత్తించేదానికే ఉత్కంఠను అట్టేపెట్టండి.