అరచేతి హాజరు

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్కలు తెప్పించమని ఆదేశించాడు. మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ (1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన దొర ఈయనే) పంపిన జవాబులో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు కనిపిస్తారు. ధరంపాల్ 1983లో అచ్చువేయించిన ఆ పత్రాలలో అంకెలకన్న నన్ను పట్టి నిలిపినది ఒక చిన్న వర్ణన.

ప్రొద్దున అందరికన్న ముందు వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవానికి సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చిన ప్రతివానికీ ఒక్కొక్కటి ఎక్కువ. చివరివాని చేయి తలచుకుంటే జాలివేస్తుంది. అయినా ఆ వ్రాత సాయంత్రానికి చెరిగిపోయే ఉంటుంది.

నా మొదటి కొలువు ప్రాథమికోన్నత పాఠశాలలో. హాజరుపట్టీ సులువే. పేరు పిలవడం, రాకుంటే ఎర్రసిరా గుర్తు, నెలాఖరున సగటు. చిక్కంతా ప్రవేశాల రిజిస్టరుతోనే. పుట్టిన తేదీ అడిగితే, "మీరే ఏదో ఒకటి వేయండి పంతులుగారూ" అనేవారు. బడి తెరిచేనాటికి అయిదేళ్ళు నిండేటట్లు వెనక్కి లెక్కకట్టి జూన్ 1 వేసేవాణ్ణి. మనలో ఎందరి పుట్టినరోజులు జూన్, జులైలలోనే ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

ఏళ్ళు గడిచాక ఒక శిష్యుడు వచ్చాడు. ఉద్యోగపు వయోపరిమితి మూడు నెలలు దాటిందట. తాను పుట్టినది ఆ యేటి దీపావళి వెళ్ళాకనని వాళ్ళమ్మ చెప్పిందట. పాత రిజిస్టరు తీయించి చూశాము. తేదీ దిద్దే అధికారం నాకు లేదు. ఆ జూన్ 1 మాత్రం నా చేతివ్రాతే.