ద వాండరర్ (డోనా సమ్మర్ ఆల్బము)

ద వాండరర్ అమెరికా గాయని డోనా సమ్మర్ పాడిన ఎనిమిదవ స్టూడియో ఆల్బము. ఇది 1980 అక్టోబరు 20న విడుదలైంది. "వాండరర్" అంటే సంచారి, ఒకచోట నిలువక తిరిగే మనిషి అని అర్థం. 1970వ దశకంలో "డిస్కో రాణి" అని ప్రపంచమంతటా పేరు పొందిన ఈ గాయని, డిస్కోను దాదాపుగా విడిచిపెట్టి రాక్, న్యూ వేవ్ శైలులలో పాడిన తొలి పూర్తి ఆల్బము కావడం దీని ప్రత్యేకత. అప్పుడే స్థాపించబడిన గెఫెన్ రికార్డ్స్ సంస్థ వెలువరించిన మొట్టమొదటి ఆల్బము కూడా ఇదే. జార్జియో మొరోడర్, పీట్ బెలోట్ దీని నిర్మాతలు.

డిస్కో అంటే

డిస్కో 1970వ దశకపు తొలి సంవత్సరాలలో న్యూయార్క్, ఫిలడెల్ఫియా వంటి అమెరికా నగరాల నృత్యశాలలలో రూపుదిద్దుకొన్న సంగీతం. నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలవారు, స్వలింగ సంపర్కులు ఎక్కువగా కూడే శాలలలో ఇది పుట్టి పెరిగింది. దీని ప్రాణమంతా తాళంలో ఉంది. నాలుగు మాత్రల ఆవర్తంలో ప్రతి మాత్రపైనా పెద్ద డ్రమ్ము సమానమైన బలంతో పడుతుంది. నిమిషానికి సుమారు 120 దెబ్బలు. మన కోలాటంలో కోలలు తప్పకుండా ఒకే ఎడంలో తగిలినట్లు ఈ దెబ్బ మొదటినుండి చివరివరకు ఆగదు. ఆడేవారి అడుగు తప్పకూడదన్నదే దీని ఉద్దేశం. అందువలన పాటలో గాయకుల స్థానం కొంత తగ్గింది. చాలా డిస్కో పాటలలో గొంతు తాళానికి అలంకారం మాత్రమే. డోనా సమ్మర్‌కు చివరకు ఇబ్బంది కలిగించినది ఈ విషయమే అనుకోవచ్చు. ఆమె గొంతు అలంకారంగా మిగిలిపోయే గొంతు కాదు.

నేపథ్యం

డోనా సమ్మర్ అసలు పేరు లడోనా ఏడ్రియన్ గెయిన్స్. 1948 డిసెంబరు 31న బోస్టన్ నగరంలో జన్మించింది. చిన్ననాడే చర్చిలో పాడడం మొదలుపెట్టింది. యౌవనంలో "క్రో" అనే రాక్ బృందంలో పాడింది. 1968లో "హెయిర్" అనే సంగీత నాటకం జర్మన్ ప్రదర్శనలో పాత్ర దొరకగా మ్యూనిక్ నగరానికి వెళ్ళింది. అక్కడ హెల్మూత్ సోమర్ అనే ఆస్ట్రియా నటుని వివాహమాడింది. ఆ ఇంటిపేరే ఉచ్చారణ మారి "సమ్మర్" అయింది. ఆమె రాక్ పాటలు పాడగలదా అని 1980లో సందేహించినవారు, ఆమె మొదలుపెట్టినదే అక్కడినుండి అన్న సంగతి మరచిపోయారు.

మ్యూనిక్‌లో ఆమెకు ఇటలీ దేశస్థుడైన మొరోడర్, ఆంగ్లేయుడైన బెలోట్ పరిచయమయ్యారు. ఈ ముగ్గురి కలయికలో 1975లో వచ్చిన "లవ్ టు లవ్ యూ బేబీ" అనే పాట ఆమె జీవితాన్ని మార్చివేసింది. కాసాబ్లాంకా రికార్డ్స్ అధిపతి నీల్ బోగార్ట్ కోరికపై ఆ పాటను దాదాపు 17 నిమిషాలకు పెంచి రికార్డులో ఒక ప్రక్కంతా నింపారు. ఇందులోని శృంగార ధ్వనులు వివాదాస్పదమయ్యాయి. బీబీసీ ఆ పాటను ప్రసారం చేయడానికి నిరాకరించింది. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మాత్రం అది 2వ స్థానానికి చేరింది. ఆ తరువాత 1977లో వచ్చిన "ఐ ఫీల్ లవ్" దాదాపు పూర్తిగా సింథసైజర్ మీదనే కూర్చిన పాట. అనంతర కాలపు ఎలక్ట్రానిక్ నృత్య సంగీతానికి దీనిని మూలంగా చెబుతారు.

1978 నుండి 1980 మొదటివరకు ఆమె ప్రాభవం పరాకాష్ఠలో ఉంది. "లైవ్ అండ్ మోర్", "బ్యాడ్ గర్ల్స్", "ఆన్ ద రేడియో" అనే మూడు జంట రికార్డుల ఆల్బములు వరుసగా అమెరికాలో మొదటి స్థానం పొందాయి. అంతకు ముందు ఎవరికీ ఈ ఘనత దక్కలేదు. వీటిలో "బ్యాడ్ గర్ల్స్" (1979) ముఖ్యంగా గమనించదగినది. అందులోని "హాట్ స్టఫ్" పాటలో జెఫ్ బాక్‌స్టర్ వాయించిన ఎలక్ట్రిక్ గిటార్ వినిపిస్తుంది. ఉత్తమ రాక్ గాయనికి గ్రామీ పురస్కారాన్ని తొలిసారి ఇచ్చినపుడు అది ఈ పాటకే దక్కింది. డిస్కో గాయని అని పిలువబడిన మనిషికి రాక్ పురస్కారం రావడం విచిత్రంగా తోచవచ్చు. నిజానికి తరువాతి మలుపుకు ఇదే సూచన.

డిస్కోపై ద్వేషం

1979 జూలై 12న షికాగో నగరంలోని కమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో "డిస్కో డిమాలిషన్ నైట్" జరిగింది. స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత పిలుపు మేరకు, ఒక డిస్కో రికార్డు తెచ్చినవారిని 98 సెంట్ల రుసుముతో లోపలికి రానిచ్చారు. రెండు ఆటల నడుమ ఆ రికార్డులను మైదానం మధ్యలో పేల్చివేశారు. వేలాదిమంది మైదానంలోకి దూకగా నేల పాడైపోయి రెండవ ఆట జరగలేదు. జూలై 14 తేదీతో వెలువడిన హాట్ 100 పట్టికలో మొదటి స్థానంలో ఉన్న పాట డోనా సమ్మర్ పాడిన "బ్యాడ్ గర్ల్స్" కావడం గమనార్హం. సంగీతంపై విసుగు అన్నది పైకి చెప్పిన కారణమే గాని, ఆ సంగీతాన్ని ఎవరు పుట్టించారో వారిపై ఉన్న ద్వేషం కూడా ఇందులో కలిసి ఉన్నదని పలువురు విమర్శకులు వ్రాశారు. కొద్ది నెలలలోనే రేడియో కేంద్రాలు డిస్కోను తగ్గించివేశాయి. రికార్డు సంస్థలు ఆ పదాన్నే వాడడం మానుకొన్నాయి.

కాసాబ్లాంకాతో తెగతెంపులు

బయట జరుగుతున్నది ఇలా ఉండగా, ఆమె వ్యక్తిగత జీవితం మరో విధంగా మారింది. "ప్రేమకు ప్రథమ మహిళ" అన్న బిరుదుతో సంస్థ ఆమెను ప్రచారం చేసింది. ఆ రూపం తనది కాదన్న బాధ ఆమెను చాలాకాలం వేధించింది. కీర్తి పెరుగుతున్న రోజులలోనే తాను ఆత్మహత్యకు ప్రయత్నించినట్లు 2003లో వెలువడిన ఆత్మకథలో ఆమె వెల్లడించింది. 1979 ప్రాంతంలో తిరిగి క్రైస్తవ విశ్వాసంవైపు మళ్ళింది. తనకు కీర్తి తెచ్చిన "లవ్ టు లవ్ యూ బేబీ"ని ఆ తరువాత చాలా ఏళ్ళపాటు వేదికలపై పాడలేదు. 1980 జూలైలో గాయకుడు, గీత రచయిత బ్రూస్ సుడానోను వివాహం చేసుకొంది.

తన వ్యవహారాలపైనా ఆదాయంపైనా తనకు అదుపు లేకపోవడంతో ఆమె కాసాబ్లాంకాపై కోటి డాలర్లకు దావా వేసింది. ఆమె మేనేజరు జాయిస్ బోగార్ట్, సంస్థ అధిపతి నీల్ బోగార్ట్ భార్య కావడం చిక్కును పెంచింది. గాయని పక్షాన మాట్లాడవలసిన వ్యక్తి, బేరమాడవలసిన సంస్థ ఒకే ఇంటివారు అయినపుడు న్యాయం ఎటుంటుందో ఊహించుకోవచ్చు. ఈలోగా కాసాబ్లాంకాను పాలీగ్రామ్ సంస్థ పూర్తిగా తీసుకొనగా, బోగార్ట్ కూడా బయటకు వెళ్ళాడు. డేవిడ్ గెఫెన్ 1980లో స్థాపించిన కొత్త సంస్థలో చేరిన తొలి కళాకారిణి డోనా సమ్మర్. జాన్ లెనన్, యోకో ఓనోల "డబుల్ ఫాంటసీ" (1980 నవంబరు) ఈ సంస్థ నుండి ఆ తరువాతనే వచ్చింది. ఆమె కొత్త ఆల్బము రావడానికి కాస్త ముందు, కాసాబ్లాంకా ఆమె పాత పాటలతో "వాక్ అవే" అనే సంకలనాన్ని మార్కెట్లోకి తెచ్చింది. కొత్త డోనా సమ్మర్ పాత డోనా సమ్మర్‌తోనే పోటీ పడవలసి వచ్చింది.

పాటలు

ఆల్బములో పది పాటలున్నాయి. పాత నిర్మాతలే పనిచేసినా, అందరూ కలిసి పాత పద్ధతిని ప్రక్కన పెట్టారు. డిస్కోకు అలవాటైన తీగ వాద్యాల హోరు తగ్గింది. ఒక పాటలోకి మరొక పాట ఆగకుండా కలిసిపోవడం పోయింది. పాటలు మూడు, నాలుగు నిమిషాలకు కుదించబడ్డాయి. న్యూ వేవ్ అనేది 1970ల చివర పంక్ రాక్ తరువాత వచ్చిన శైలి. పొదుపైన వాద్యాలు, పొడిగా వినిపించే డ్రమ్ములు, సింథసైజర్, కొంత ఎడంగా నిలిచి పాడినట్లుండే గొంతు దాని లక్షణాలు.

శీర్షికా గీతం "ద వాండరర్"కు సాహిత్యం డోనా సమ్మర్, సంగీతం మొరోడర్. డియాన్ 1961లో పాడిన అదే పేరుగల పాటతో దీనికి సంబంధం లేదు. ఇల్లు, దినచర్య విడిచి తనకు తోచిన దారిన సాగిపోయే స్త్రీ ఇందులో మాట్లాడుతుంది. డోనా సమ్మర్ ఇక్కడ తన గొంతును పూర్తిగా విప్పదు. ఎల్విస్ ప్రెస్లీ కాలపు గాయకులవలె మాటలను మధ్యలో త్రుంచి, వెక్కినట్లు పలుకుతుంది. దానికి తోడుగా సింథసైజర్ తేలికగా ఊగుతూ ఉంటుంది. మొదటిసారి వినేవారు ఇది ఆమె గొంతేనా అని సందేహిస్తారు.

"కోల్డ్ లవ్" సూటిగా గిటార్ మీద నడిచే రాక్ పాట. హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్, కీత్ ఫోర్సే, బెలోట్ కలిసి వ్రాసినది. "హూ డూ యూ థింక్ యు ఆర్ ఫూలిన్" కూడా ఈ కోవలోనిదే. "లుకింగ్ అప్"లో పాత నృత్య లయ కొంత మిగిలి ఉంది. "గ్రాండ్ ఇల్యూషన్" మాత్రం అన్నిటికన్నా వేరు. కలలో నడిచినట్లు నెమ్మదిగా సాగే ఈ పాటలో శ్రోతను ఆడించే ప్రయత్నమేమీ లేదు. "బ్రేక్‌డౌన్", "నైట్‌లైఫ్", "స్టాప్ మీ" పాటలు సామాన్యమైనవి. "రన్నింగ్ ఫర్ కవర్"లో గొంతు తీవ్రత ఎక్కువ.

చివరి పాట "ఐ బిలీవ్ ఇన్ జీసస్" ఆమె స్వయంగా వ్రాసినది. గొఱ్ఱెపిల్లను గురించిన సుపరిచితమైన ఆంగ్ల బాలగేయపు మాటలను తీసుకొని, మేరీని ఏసు తల్లిగా, గొఱ్ఱెపిల్లను ఏసుగా అన్వయించింది. బడిలో ఆ గేయాన్ని వల్లించిన వారెవరికైనా ఈ అన్వయం వెంటనే అందుతుంది. "లవ్ టు లవ్ యూ బేబీ" పాడిన గొంతునుండి ఐదేళ్ళకే ఈ పాట రావడం శ్రోతలలో కొందరిని ఆకట్టుకొంది, కొందరిని తికమక పెట్టింది. ఈ ఆల్బములో నిజమైన సాహసం గిటార్లలో కన్నా ఈ పాటలోనే ఉన్నదనవచ్చు.

ఆదరణ

శీర్షికా గీతం హాట్ 100 పట్టికలో 3వ స్థానానికి చేరింది. తరువాత విడుదలైన "కోల్డ్ లవ్" 33వ స్థానం వద్ద, "హూ డూ యూ థింక్ యు ఆర్ ఫూలిన్" 40వ స్థానం వద్ద ఆగిపోయాయి. ఆల్బము బిల్‌బోర్డ్ పట్టికలో 13వ స్థానం పొంది, అమెరికాలో గోల్డ్ గుర్తింపు సాధించింది. వేరొక గాయనికైతే ఇది విజయమే. వరుసగా మూడుసార్లు మొదటి స్థానంలో నిలిచిన వ్యక్తికి దీనిని తగ్గుదలగానే లెక్కించారు. "కోల్డ్ లవ్" ఉత్తమ రాక్ గాయని విభాగంలోను, "ఐ బిలీవ్ ఇన్ జీసస్" భక్తి ప్రేరక గానం విభాగంలోను గ్రామీ పురస్కారానికి ప్రతిపాదించబడ్డాయి. ఒకే ఆల్బములోని పాటలు ఇంత దూరంగా ఉన్న రెండు విభాగాలలో నిలవడం అరుదు.

భారతదేశంలో డిస్కో

అమెరికాలో డిస్కో అస్తమించిన 1980వ సంవత్సరంలోనే భారతదేశంలో అది ఉదయించింది. బెంగళూరులో పుట్టి లండనులో స్థిరపడిన బిడ్డు అప్పటికే "కుంగ్ ఫూ ఫైటింగ్" (1974) పాట నిర్మాతగా ప్రసిద్ధుడు. ఆయన స్వరపరచగా నాజియా హసన్ "కుర్బానీ" (1980) చిత్రంలో పాడిన పాటతో హిందీ సినిమాలో డిస్కో స్థిరపడింది. మరుసటి ఏడు వీరిద్దరి "డిస్కో దీవానే" ఆల్బము వచ్చింది. 1982లో వచ్చిన "డిస్కో డాన్సర్"ను తెలుగులో నందమూరి బాలకృష్ణ కథానాయకుడుగా "డిస్కో కింగ్" (1984) పేరుతో పునర్నిర్మించారు. బప్పీలహరి "సింహాసనం" (1986) ద్వారా తెలుగు చిత్రరంగంలో ప్రవేశించి ఆ ధోరణిని 1990ల మొదటి సంవత్సరాలవరకు కొనసాగించాడు. కనుక డోనా సమ్మర్ విడిచిపెట్టిన తాళానికే మన ఊళ్ళలోని టూరింగు టాకీసులు ఆ తరువాత పదేళ్ళు దద్దరిల్లాయి.

ఒక గాయని ఒకే ముద్రలో చిక్కుకొనడం మనకు తెలియని సంగతి కాదు. తెలుగు శ్రోతలు ఎల్.ఆర్.ఈశ్వరిని క్లబ్బు పాటల గాయనిగానే ఎక్కువగా గుర్తిస్తారు. తమిళనాట అదే గొంతు అమ్మవారి భక్తిగీతాలకు పేరుపొందింది.

తరువాతి పరిణామాలు

ఈ ఆల్బము తరువాత మొరోడర్, బెలోట్‌లతోనే "ఐ యామ్ ఎ రెయిన్‌బో" అనే జంట ఆల్బమును 1981లో ఆమె పూర్తి చేసింది. గెఫెన్ సంస్థ దానిని విడుదల చేయక, నిర్మాతగా క్విన్సీ జోన్స్‌ను నియమించింది. అలా 1982లో "డోనా సమ్మర్" ఆల్బము వచ్చింది. మ్యూనిక్ మిత్రులతో ఆమె దీర్ఘకాల సహవాసం ఆ విధంగా ముగిసింది. స్వేచ్ఛకోసం ఒక సంస్థను విడిచి వచ్చిన గాయనికి, రెండవ సంస్థ కూడా ఏ పాట వెలుగు చూడాలో తానే నిర్ణయించింది. పాత ఒప్పందం ప్రకారం పాలీగ్రామ్‌కు బాకీపడిన ఒక ఆల్బమును "షీ వర్క్స్ హార్డ్ ఫర్ ద మనీ" (1983) పేరుతో ఇచ్చివేసింది. దాని శీర్షికా గీతం హాట్ 100లో 3వ స్థానానికి చేరింది. అందులోని "హీ ఈజ్ ఎ రెబెల్" అనే భక్తిగీతానికి గ్రామీ పురస్కారం లభించింది.

డోనా సమ్మర్ 2012 మే 17న ఫ్లోరిడా రాష్ట్రంలోని నేపుల్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించింది. 2013లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు స్థానం కల్పించారు. 1981లో ప్రక్కన పెట్టబడిన "ఐ యామ్ ఎ రెయిన్‌బో" మాత్రం ఆమె జీవించి ఉండగానే, పదిహేనేళ్ళ తరువాత 1996లో విడుదలైంది.