ఇనిట్ స్క్రిప్టు

యూనిక్స్ యంత్రం బూట్ అయ్యేటప్పుడు వెబ్ సర్వరు, డేటాబేస్, మెయిల్ వంటి సేవలను లేపి, అవసరమైనప్పుడు ఆపే షెల్ ప్రోగ్రామును ఇనిట్ స్క్రిప్టు అంటారు. తెర వెనుక నడిచే ఈ సేవలకు డీమన్లని పేరు. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించిన జీవి పేరును 1960లలో ఎం.ఐ.టి. ప్రోగ్రామర్లు వీటికి పెట్టుకున్నారు.

ఈ స్క్రిప్టులకు మూలం తొలి యూనిక్స్‌లోని ఆర్‌సీ ఫైలు. ఆ పేరు ఎం.ఐ.టి.లోనే అంతకుముందు నడిచిన సీటీఎస్ఎస్ వ్యవస్థలోని రన్‌కామ్ నుంచి వచ్చింది. ఆదేశాలన్నీ ఒకే ఫైలులో వరసగా నడిచే ఈ పద్ధతినే బర్క్‌లీ యూనిక్స్ చాలాకాలం నమ్ముకుంది. మధ్యలో ఒక ఆదేశం ఇరుక్కుపోతే దాని కింద ఉన్న సేవలేవీ లేచేవి కావు. 1980లలో ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్ ఒక్కో సేవకు ఒక్కో స్క్రిప్టు ఇచ్చి, ఏది ముందో ఏది వెనకో ఫైలు పేరులోని అంకెలతో తేల్చింది. లినక్స్ పంపిణీల్లో ఎక్కువ భాగం దీన్నే తీసుకున్నాయి.

అసలు చిక్కు, డీమన్ ప్రాసెస్ సంఖ్యను రాసి ఉంచే పిడ్ ఫైలుది. డీమన్ తనను లేపిన షెల్ నుంచి విడిపోయి వెనక్కు వెళ్ళిపోతుంది, స్క్రిప్టు పని అక్కడితో ముగుస్తుంది. మిగిలేది ఆ ఫైలులోని సంఖ్య ఒక్కటే. కరెంటు పోయి సర్వరు ఆగిందనుకుందాం. ఫైలులో 1432 అలాగే ఉండిపోయింది. మళ్ళీ బూట్ అయ్యాక ఆ సంఖ్య మరో ప్రోగ్రాముకు దక్కింది. స్క్రిప్టు ఆ సంఖ్యను తట్టి చూస్తుంది, ఎవరో పలుకుతారు, ‘ఇప్పటికే నడుస్తోంది’ అని చెప్పి తప్పుకుంటుంది. ఆపమంటే మరీ ప్రమాదం, సంబంధం లేని ప్రోగ్రాము చస్తుంది. పీఎస్ ఆదేశంతో ఆ సంఖ్య ఎవరిదో చూసి, మన సేవది కాకపోతే ఫైలు తీసేసి మళ్ళీ లేపాలి. 2011 నుంచి లినక్స్ పంపిణీలు ఈ ఫైళ్ళను మెమరీలోనే ఉండే రన్ డైరెక్టరీకి మార్చుకుంటూ వచ్చాయి కనుక, బూట్ తర్వాత పాతవి మిగలడం తగ్గింది.

చేత్తో నడిపితే లేచి, బూట్‌లో లేవని స్క్రిప్టులు ఇంకో రకం. మన టెర్మినల్లో ఉండే పాత్, హోమ్ వంటి విలువలు బూట్ సమయంలో ఉండకపోవడమే చాలాసార్లు కారణం. ఎన్వ్ మైనస్ ఐ తో ఖాళీ పరిసరం సృష్టించి, షెల్‌కు మైనస్ ఎక్స్ ఇచ్చి నడిపితే ఏ పంక్తి దగ్గర తప్పుతోందో కనబడుతుంది. 2006లో ఉబుంటు 6.10 మామూలు షెల్‌గా బాష్ బదులు డాష్‌ను పెట్టినప్పుడు, ఎస్‌హెచ్ అని పైన రాసుకుని లోపల బాష్ సౌకర్యాలు వాడిన స్క్రిప్టులు ఒక్కసారిగా విరిగాయి. విండోస్‌లో దిద్దిన ఫైలు పంక్తి చివర మిగిలే కనబడని అక్షరం కూడా ఇలాగే దెబ్బ తీస్తుంది.

లేపినవాడే కాపలా కూడా ఉండాలన్నది సరైన పరిష్కారం. డి. జె. బెర్న్‌స్టయిన్ డీమన్‌టూల్స్ చేసి చూపించింది అదే. 2005లో సోలారిస్ 10, మాక్ ఓఎస్ టెన్ 10.4 ఆ దారి పట్టాయి. 2010లో లెన్నార్ట్ పోటెరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డీ ఒక సేవకు చెందిన ప్రాసెస్‌లన్నిటినీ కెర్నెల్ సాయంతో ఒకే గుంపుగా పట్టుకుంటుంది. 2015లో వచ్చిన డెబియన్ 8 దాన్నే బూట్‌లో సేవలను లేపే తన ఇనిట్‌గా పెట్టుకుంది. ఫ్రీబీఎస్డీ, నెట్‌బీఎస్డీ మాత్రం నేటికీ ఆర్‌సీ స్క్రిప్టులతోనే సేవలను లేపుతున్నాయి. అక్కడ పనిచేసేవారు పిడ్ ఫైలును నమ్మేముందు పీఎస్‌ను అడగాలి.